ఆంగ్ల స్త్రీనామాలలో పుష్పవాచకాలు: వ్యుత్పత్తి పరిశీలన

రోజ్, లిలీ, డైసీ, వయొలెట్ వంటి ఆంగ్ల స్త్రీనామాలు వినగానే పువ్వులే స్ఫురిస్తాయి. విక్టోరియా రాణి పాలనాకాలంలో (1837-1901) పెరిగిన పుష్పాభిరుచే వీటికి మూలమని సాధారణంగా చెబుతారు. అప్పుడు వీటి వాడుక విస్తరించిన మాట నిజమే. కాని పేరు పుట్టటానికి కారణం వేరు, వ్యాపించటానికి కారణం వేరు. రెండింటినీ ఒకటిగా భావిస్తే అంతకుముందరి చరిత్ర మరుగున పడుతుంది.

రోజ్ అనే పేరునే తీసుకుంటే, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత రోహెసె, రోయెసె వంటి స్త్రీనామాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. ఇవి జర్మానిక్ మూలం గలవి. వీటి తొలి పదాంశానికి 'కీర్తి' అని అర్థం చెబుతారు. గులాబీని తెలిపే లాటిన్ 'రోసా'తో వీటికి మూలసంబంధం లేదు. ధ్వనిసామ్యం వల్ల తరువాతి తరాలకు ఆ పేరులో గులాబీ కనిపించింది. క్రైస్తవ సంప్రదాయంలో గులాబీ మరియమాతకు ప్రతీక కావటం ఆ భావనకు బలమిచ్చి ఉండవచ్చు. భాషాశాస్త్రజ్ఞులు లోకనిరుక్తి అనేది దీనినే.

డైసీ చరిత్ర మరింత ఆసక్తికరం. ఉదయం విచ్చుకొని సాయంత్రం ముడుచుకొనే ఆ పువ్వును ప్రాచీనాంగ్లంలో 'పగటి కన్ను' అన్నారు. అది వ్యక్తినామం కావటానికి మాత్రం ఫ్రెంచి భాష కారణమైంది. గ్రీకులో ముత్యాన్ని తెలిపే పదం నుంచి వచ్చిన మార్గరెట్‌కు ఫ్రెంచి రూపం మార్గరీట్; ఫ్రెంచిలో ఈ పువ్వు పేరూ అదే. అందువల్ల ఇంగ్లండులో మార్గరెట్లను ముద్దుగా డైసీ అని పిలిచారు. రెండు భాషల మధ్య నడిచిన శ్లేషలో ముత్యం పువ్వయింది! హెన్రీ జేమ్స్ 1878లో ప్రచురించిన 'డైసీ మిల్లర్'లో నాయిక అసలు పేరు ఆనీ. అంటే అప్పటికే ఆ ముద్దుపేరు మార్గరెట్‌తో సంబంధం లేకుండానే నిలబడగలిగింది.

లిలీ కూడా కొంతవరకు ఎలిజబెత్‌కు ముద్దురూపమే. విచిత్రమేమంటే, లిలీ పువ్వును తెలిపే హీబ్రూ పదం నుంచి వచ్చిన సూసన్‌ను మాత్రం ఎవరూ పుష్పనామంగా గుర్తించరు.

ఐవీ, మర్టిల్, పాపీ వంటివి నేరుగా మొక్కల నుంచి వచ్చినవే. విక్టోరియా కాలపు అభిరుచి ప్రభావం వీటిలో స్పష్టం. షార్లెట్ ద లాటూర్ 1819లో ఫ్రెంచిలో వెలువరించిన పుష్పభాషా గ్రంథం, కేట్ గ్రీనవే 1884 నాటి సచిత్ర గ్రంథం ఆ అభిరుచికి సాక్ష్యాలు. డాలియా సంగతి వేరు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ స్మృత్యర్థం ఆ పువ్వుకు ఆయన ఇంటిపేరు పెట్టారు. పువ్వు ద్వారా అది స్త్రీనామమయింది.