తొలి ఆట ఓడిన తరువాత: హైదరాబాదు రహీం సాహెబు

భారత ఫుట్‌బాలు అనగానే మనవారు కలకత్తా పేరు చెప్పుదురు. మోహన్ బగాను, ఈస్ట్ బెంగాలు, మహమ్మడన్ స్పోర్టింగు అను మూడు పేర్లు వినని ఆటప్రియుడు లేడు. అందులో తప్పేమియు లేదు. కాని మన దేశపు జట్టు ఆసియా క్రీడలలో రెండుసార్లు స్వర్ణము తెచ్చినప్పుడు, ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు ఎక్కినప్పుడు, మైదానపు గీత అవతల నిలిచి ఆడించినవాడు కలకత్తావాడు కాడు. ఆయన హైదరాబాదు బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ఆయన కథతో 'మైదాన్' అను హిందీ చిత్రము వచ్చిన పిమ్మట మన పిల్లలలో కొందరికి ఆ పేరు తెలిసినది. అంతకుముందు తెలిసినవారు బహు తక్కువ.

ఆయన తెలుగువాడా అని అడుగువారు ఉందురు. ఇంటి భాష ఉర్దూ. నిజమే. అయితే భివండి పద్మానగరు సందులలో కాపురమున్న మన కుటుంబములు చాలవరకు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వచ్చినవి. 1956 వరకు ఆ జిల్లాలన్నియు హైదరాబాదు రాష్ట్రములోనివే గదా! ఆ రాష్ట్రపు జట్టు గెలిచిన, మన జట్టు గెలిచినట్లే. నాకు ఇంతకంటె పెద్ద రుజువు అక్కరలేదు.

రహీం సాహెబు 1909లో హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బడులలో పాఠములు చెప్పినారు. పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, కడవరకు ఆ బాధ్యతలోనే ఉండినారు. పంతులుతనము ఆయనను ఎన్నడును విడువలేదు. కుర్రవాళ్ళకు ఆయన పెట్టించిన పోటీలు చూడుడు: ఒక పోటీలో బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకొని పరుగెత్తరాదు, వెంటనే అందించవలెను. ఇంకొక పోటీలో వాటము లేని కాలితోనే తన్నవలెను. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితో ఆడి గెలువవలెను. చూచువారికి నవ్వులాటగా తోచును గాని, ఎక్కము తిరగవేసి చెప్పించిన పంతులు పద్ధతియే ఇది.

ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు గెలుచుకొన్నది. ఆ పోటీ కూపరేజు మైదానములో జరిగెడిది. మన భివండికి అది ఏపాటి దూరము? ఆ రోజులలో బొంబాయి మిల్లులలోనో, కామాటిపురములోనో ఉండి ఆ ఆటలు కన్నులార చూచిన పెద్దలు ఎవరైన మిగిలియుంటే, వారికిప్పుడు ఎనుబది దాటి ఉండును. ఇంట ఉన్న తాతలను అడిగి తెలిసికొనుట మంచిది.

ఇక జాతీయ జట్టు సంగతి. ఏ పెద్ద పోటీకైనను తొలి ఆట ఒక పరీక్ష. శిక్షకుడు నెలల తరబడి కట్టిన లెక్క ఆ మొదటి గంటన్నరలోనే బయటపడును. రహీం సాహెబు జీవితమును ఈ తొలి ఆటల వరుసగా చదివినచో ఆ మనిషి బాగుగా తెలియునని నా అభిప్రాయము.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. తొలి ఆటలో ఇండోనేషియాపై 3-0, తరువాత ఆఫ్ఘనిస్తానముపై 3-0, చివరి ఆటలో ఇరానుపై 1-0. చివరి గోలు మేవాలాలుది. ప్రధాని నెహ్రూగారు చూచుచుండగా స్వర్ణము వచ్చినది. (అవే క్రీడలలో నీటి పోలోలో కూడ మనకు స్వర్ణము వచ్చినదని ఇప్పుడు ఎందరికి జ్ఞాపకమున్నది? అది మరల రానేలేదు.) ఈ గెలుపును గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. గెలిచిన ఆట శిక్షకుని గుట్టు బయటపెట్టదు.

మరుసటి యేడు హెల్సింకి. 1952 జూలై 15న ఒలింపిక్సు తొలి ఆట యుగోస్లావియాతో. మనవారిలో పలువురు వట్టి కాళ్ళతో దిగినారు. ఉత్తరదేశపు చలి, ఎదుట బూట్లు తొడిగిన ఆజానుబాహులు. 10-1. మన ఒక్క గోలు ఆట ముగియు వేళ అహమ్మద్ ఖాను కొట్టినది. ఆ యుగోస్లావియా చివరకు రజతము పొందిన జట్టు. అయినను పది గోలులు పది గోలులే. ఓడినవారికి మరునాడు ఆడుటకు ఇంకొక ఆట కూడ లేదు, ఇంటికి రావలసినదే.

ఆ ఓటమి పిదప మన దేశములో బూట్లు తప్పనిసరి అయినవి. రహీం సాహెబు అంతటితో ఆగలేదు. ఆ కాలములో హంగేరీ జట్టు ఒక క్రొత్త పద్ధతి నడిపినది. నడుమ ముందుండి గోలు కొట్టవలసినవాడు వెనుకకు జరిగి నిలుచును. అతనిని కాయవలసిన ఎదుటి ఆటగాడు వెంట పోవలెనా, తన చోటనే ఉండవలెనా తెలియక తికమక పడును. ఆ సందులో పక్కవారు చొరబడుదురు. 1953లో హంగేరీ ఇంగ్లండును దాని సొంత మైదానములోనే 6-3తో ఓడించినది ఈ ఎత్తుతోనే. రహీం సాహెబు దీనిని గ్రహించి, వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు వరుసకు మన ఆటగాండ్రను అలవాటు చేసినారు. 1958లో బ్రెజిలు ప్రపంచ కప్పు గెలిచి ఈ వరుసకు లోకమంతట పేరు తెచ్చుటకు ముందు మాట ఇది.

1956లో మెల్బోర్ను. తొలి ఆటలో ఎదుర్కొనవలసిన హంగేరీ పోటీ నుండి తప్పుకొన్నది. అందుచేత మైదానములో కాలు పెట్టిన మొదటి ఆట డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో, వారి గడ్డపైనే. 4-2తో గెలిచినాము. బొంబాయి నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టినాడు. సెమీఫైనలులో తిరిగి ఆ యుగోస్లావియాయే ఎదురైనది. డిసౌజా ముందుగా గోలు కొట్టి ఆశ పెట్టినను 1-4తో ఓడినాము. కంచు పతకపు ఆటలో బల్గేరియా చేతిలో 0-3. నాలుగవ స్థానము. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన దేశము అంతకుమించి ఎక్కలేదు.

1960లో రోము ఒలింపిక్సు. ఆగస్టు 26న లాక్విలా పట్టణములో తొలి ఆట, ఎట్టకేలకు హంగేరీతోనే. ఎవరి ఆటను చూచి పాఠము నేర్చినారో వారితోనే పరీక్ష! 2-1తో ఓడినాము. ఆ హంగేరీలో ఫ్లోరియన్ ఆల్బర్టు ఉన్నాడు, తరువాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడైనవాడు. మన గోలు కొట్టినది తులసీదాసు బలరాం. సికిందరాబాదు దాపున అమ్ముగూడలో పెరిగిన పిల్లవాడు, రహీం సాహెబు చేతి చలువ. తరువాత ఫ్రాన్సుతో 1-1, పెరూతో 1-3. పట్టికలో అడుగున మిగిలినాము. పట్టిక చూచువారు దీనిని అపజయమందురు. హెల్సింకిలో పది గోలులు తిన్న జట్టు ఎనిమిదేండ్లకు హంగేరీకి ఒక్క గోలు తేడాలో నిలిచినది. నేనైతే 1951 స్వర్ణముకంటె ఈ ఓటమినే పై మెట్టున నిలుపుదును.

సాంచపై క్రొత్త బీము ఎక్కించిన నాడు ఎట్లుండునో మన నేతవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పోగులు తెగుచుండును, బిగువు కుదరదు, సాంచ మాటిమాటికి ఆగును. ఆ పూట దిగిన బట్టను చూచి నేతగానికి వెల కట్టువాడు సేటు కూడ కాడు. 1962లో జకార్తాలో జరిగినది ఇట్టిదే.

ఆసియా క్రీడల తొలి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. ఇంకొక ఆట ఓడిన ఇల్లు చేరవలసినదే. రెండు దినముల గడువులో థాయిలాండుతో ఆట. 4-1తో గెలిచినారు గాని, వెనుక వరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. మరునాడే జపానుతో ఆట. పి.కె. బెనర్జీ, బలరాం చెరియొక గోలు కొట్టగా 2-0తో గట్టెక్కినారు.

సెమీఫైనలు దక్షిణ వియత్నాముతో. ఇక్కడ రహీం సాహెబు వేసిన ఎత్తు చూడుడు. తలకు కట్టుతో ఉన్న జర్నైలును వెనుక వరుసలో నిలిపినచో అడుగడుగున తలతో బంతిని అడ్డవలెను. పక్కన కూర్చుండబెట్టినచో జట్టు ధైర్యము సడలును. ఆయన అతనిని ముందుకు తెచ్చి, గోలు కొట్టువాని చోట నిలిపినారు! జర్నైల్ ఒకటి, నాయకుడు చునీ గోస్వామి రెండు కొట్టినారు. 3-2.

ఫైనలు సెప్టెంబరు 4న, తిరిగి దక్షిణ కొరియాతోనే. ఊరు మనపై మండిపడుచున్నది. ఇజ్రాయెలు, తైవానులను ఇండోనేషియా ఆ క్రీడలకు రానీయకపోగా, భారతీయుడగు జి.డి. సోంధీగారు అభ్యంతరము తెలిపినారు. ఆ కోపముతో భారత రాయబార కార్యాలయముపై గుంపులు పడినవి. సెనయాన్ స్టేడియములో లక్షమంది మన జట్టును ఎగతాళి చేయుచుండగా, పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మాత్రము మనవారి పక్షమున కేకలు వేసినారట. జ్వరము నుండి లేచిన పీటర్ తంగరాజును రహీం సాహెబు గోలులో నిలిపినారు. అతడును హైదరాబాదువాడే. 17వ నిమిషమున పి.కె. గోలు. 20వ నిమిషమున ఆ గాయపు తల జర్నైలుది రెండవది. కొరియా 85వ నిమిషమున ఒకటి తిరిగి కొట్టినది గాని, అప్పటికే సమయము మించినది. 2-1. తొలి ఆటలో ఓడించిన జట్టునే తుది ఆటలో ఓడించి స్వర్ణము తెచ్చినారు.

అప్పటికే రహీం సాహెబు ఆరోగ్యము చెడినది. జకార్తా పిదప తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయినారు. ఏబది నాలుగు నిండలేదు. మరుసటి సంవత్సరము ఇజ్రాయెలులో జరిగిన ఆసియా కప్పులో మన జట్టు రెండవ స్థానమున నిలిచినది. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో కంచు పతకము వచ్చినది. ఒలింపిక్సులో మాత్రము 1960లో పెరూతో ఆడిన ఆటయే చివరిది. ఆనాటి మన గోలు కూడ అమ్ముగూడ బలరాముదే.