అంచనాకు హద్దు కనుగొన్న కల్యంపూడి రాధాకృష్ణారావు

యాసంగి వేరుశనగ పీకే రోజులలో వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల చేలలో ఒక పని జరుగుతుంది. ఒక ఉద్యోగి చేనులో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని తాడుతో గుర్తించి, అందులోని పంటను మాత్రమే పీకించి కాయలు తూయిస్తారు. దీనిని పంటకోత ప్రయోగం అంటారు. జిల్లాలోని ప్రతి చేనునూ ఇలా తూచటం సాధ్యం కాదు గనుక, కొద్ది మడుల తూకాన్నిబట్టి జిల్లా దిగుబడి మొత్తాన్ని అంచనా వేస్తారు. అంచనా అన్న తరువాత కొంత తప్పు తప్పదు. లెక్క వేసేవాడు ఎంత తెలివైనవాడైనా ఆ తప్పును ఎంతవరకు తగ్గించగలడు? ఈ ప్రశ్నకు కచ్చితమైన సమాధానాన్ని పాతికేళ్ళయినా నిండకముందే సాధించి, 1945లో ప్రకటించినవారు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకానికి ఆయన సి. ఆర్. రావు.

సాంఖ్యకశాస్త్రం ఒక శాస్త్రంగా రూపు దిద్దుకున్నది ఇంగ్లండులో, విక్టోరియా రాణి పాలన చివరి దశలో. ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో సహసంబంధమనే భావాన్ని ప్రవేశపెట్టాడు. కార్ల్ పియర్సన్ క్రమవిచలనానికి పేరు పెట్టి, 1900లో కై-వర్గ పరీక్షను కనుగొన్నాడు. 1901లో రాణి మరణించింది. ఆ ఏడే వీరి ప్రోద్బలంతో ‘బయోమెట్రికా’ అనే పత్రిక పుట్టింది. 1915లో కేంబ్రిడ్జిలో చదువు ముగించుకొని తిరిగివస్తున్న ప్రశాంతచంద్ర మహాలనోబిస్ ఆ పత్రిక సంపుటాలను వెంట తెచ్చుకున్నారు. ఆ విత్తనం కలకత్తాలో మొలకెత్తి 1931 డిసెంబరు 17న భారత సాంఖ్యక సంస్థ అయింది. వంగదేశంలో జనుము పంటను నమూనాల ద్వారా అంచనా కట్టే పని 1937లో మొదలుపెట్టినది ఆ సంస్థయే. నేటి పంటకోత ప్రయోగాలకు అది దగ్గర చుట్టం.

రావుగారు 1920 సెప్టెంబరు 10న నాటి మద్రాసు రాష్ట్రం బళ్ళారి జిల్లాలోని హడగళ్ళిలో జన్మించారు. పదిమంది సంతానంలో ఎనిమిదవవారు. దేవకీదేవి అష్టమగర్భం కృష్ణుడు గనుక ఈయనకూ ఆ పేరే పెట్టారు. తండ్రి దొరస్వామినాయుడుగారు పోలీసు ఇన్‌స్పెక్టరు కావటంచేత, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా ఊరు మారినప్పుడల్లా బడి మారింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఈ సంగతి రావుగారే ఒక గ్రంథాన్ని ఆమెకు అంకితమిస్తూ వ్రాశారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి 1940లో బయటికి వచ్చేసరికి యుద్ధం సాగుతున్నది. సైన్యంలో ఏదో గణితజ్ఞుని ఉద్యోగమంటే కలకత్తా వెళ్ళారు. అది దొరకలేదు. కాని అక్కడ కలిసిన ఒక పరిచయస్థుని మూలంగా సాంఖ్యక సంస్థ గడప తొక్కి, 1941 జనవరి 1న శిక్షణకు చేరారు. ఉద్యోగం దొరికి ఉంటే ఈ కథ వేరుగా ఉండేదేమో! కలకత్తా విశ్వవిద్యాలయం దేశంలో ప్రప్రథమంగా నెలకొల్పిన సాంఖ్యకశాస్త్ర ఎం.ఏ. తరగతిలో చదివి, 1943లో బంగారు పతకం పొందారు.

మరుసటి సంవత్సరం ఆయన పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలోని తప్పుకు ఉండే కనీసపు హద్దును గురించి ఆర్. ఎ. ఫిషర్ చెప్పిన సంగతి అది. వి. ఎమ్. దండేకర్ అనే విద్యార్థి (తరువాత ప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞుడు) లేచి, చిన్న నమూనాకు కూడా ఇటువంటిది నిరూపించలేమా అని అడిగాడు. ఉపాధ్యాయునికి సమాధానం తెలియదు. ఆ రాత్రి కూర్చొని నిరూపణ సాధించి, మరునాడు తరగతిలో చెప్పారు.

ఆ ఫలితాన్ని మన వేరుశనగ చేలోనే చూడవచ్చు. మడుల తూకాలు సగటుకు అటూ ఇటూ గంట ఆకారపు వక్రరేఖలో పరచుకొని ఉన్నాయనీ, వాని క్రమవిచలనం 1 కిలో అనీ అనుకుందాం. 16 మడులు తూచి సగటు తీస్తే, ఆ సగటు యొక్క క్రమవిచలనం కిలోలో నాలుగవ వంతు, అనగా 250 గ్రాములు. 25 చదరపు మీటర్ల మడి హెక్టారులో 400వ వంతు గనుక, ఇది హెక్టారుకు 100 కిలోలు. ఒక పక్షానికి మొగ్గని పద్ధతి ఏదైనా సరే, ఈ 250 గ్రాములకు తగ్గించలేదని రావుగారి అసమానత చెబుతుంది. తప్పు సగం కావాలంటే తెలివి చాలదు. 64 మడులు తూచవలసిందే. ఇక ఈ హద్దును అందుకోలేని పద్ధతులూ ఉన్నాయి. సగటుకు బదులు మధ్యగతం తీసుకొంటే, నమూనా పెద్దదైనప్పుడు, 100 మడుల సగటు ఇచ్చే కచ్చితత్వానికి సుమారు 157 మడులు కావాలి. ఆ 57 మడుల శ్రమా వృథా!

అదే వ్యాసంలో రెండవ ఫలితం మరింత ముచ్చటైనది. బద్ధకస్తుడొకడు 16 మడులు తూచి కూడా, మొదటి మడి తూకాన్నే జిల్లా సగటుగా వ్రాశాడనుకోండి. మడులను ఏ వరుసలో తూచామన్నదానికి దిగుబడితో సంబంధం లేదు. కాబట్టి సాధ్యమైన వరుసలన్నింటిలోనూ వాడు ఏమి వ్రాసి ఉండేవాడో లెక్కించి సగటు తీస్తే, వచ్చేది 16 మడుల సగటే. ముతక అంచనాను ఇట్లా సానపట్టే పద్ధతిని 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ విడిగా కనుగొన్నాడు గనుక దీనికి రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమని పేరు. మొదటిది స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామెర్ 1946 గ్రంథంలోనూ ఉండటంచేత క్రామెర్-రావు అసమానత అయింది. సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలవటం అనే మూడవ భావం ఆ వ్యాసంలోనే ఉన్నది. అది దశాబ్దాల తరువాతగాని పూర్తిగా ఫలించలేదు.

1946లో మహాలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించటం అక్కడి పని. అక్కడే ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేటుకు పని చేశారు. ఫిషర్ పెట్టిన షరతు చిత్రమైనది: తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల పెంపకంలో కూడా పనిచేయాలి! 1948లో పట్టం వచ్చింది. తిరిగివచ్చి సుమారు మూడు దశాబ్దాలు భారత సాంఖ్యక సంస్థలో శిష్యులను తయారు చేశారు. 1967లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1979లో అమెరికా వెళ్ళి, పిట్స్‌బర్గులోనూ, 1988 నుండి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఉన్నత గణిత సాంఖ్యక సంస్థకు ఆయన జీవించి ఉండగానే ఆయన పేరు పెట్టారు.

కీర్తి విషయం ఎప్పుడూ తిన్నగా నడవదు. గాల్టన్, పియర్సన్‌లు మనుషుల జాతులను ఎక్కువ తక్కువలుగా చూసే సుజననవాదాన్ని నెత్తికెత్తుకున్నారు. ఆ కారణంగా లండన్ యూనివర్సిటీ కాలేజీ 2020లో తన భవనాల నుండి వారి పేర్లు తొలగించింది. అయినా క్రమవిచలనం లేనిదే పాఠ్యపుస్తకం సాగదు. రావుగారి పేరు గోడలమీదకంటే గణితంలోనే ఎక్కువగా నిలిచింది: రాడారుతో విమానం దూరాన్ని లెక్కించే ఇంజనీరు తన పరికరం ఎంత కచ్చితంగా ఉండగలదో తెలుసుకోవటానికి వేసే మొదటి లెక్కలలో క్రామెర్-రావు హద్దు ఒకటి.

సాంఖ్యకశాస్త్రంలో నోబెల్ వంటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి ఆయనకు 2023లో లభించింది, ముఖ్యంగా 1945 నాటి ఆ వ్యాసానికే. వ్యాసానికి అప్పటికి 78 ఏళ్ళు, వ్రాసినవారికి 102. ఆ ఆగస్టు 22న అమెరికాలోని బఫెలోలో ఆయన కన్నుమూశారు.