కందెన వేయని బండి

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని పెద్దవాళ్లు వూరికే అనలేదు. మొన్న మా మేనల్లుడి జీపు వీధి మలుపు తిరుగుతుండగానే యింటిల్లిపాదికీ తెలిసిపోయింది. హారన్ కొట్టి కాదు, కీచుమంటూ వచ్చి.

"కమాన్ కట్టలకి కొత్త బుష్షులు వేశాను మావయ్యా, పాలీయురెథేన్‌వి. నేనే బిగించాను" అన్నాడు గర్వంగా.

"గ్రీజు రాశావుట్రా?"

"రబ్బరు జాతికి గ్రీజు తగలకూడదని మీరేగా చిన్నప్పట్నించీ చెప్పారు!"

అంటే తప్పు నాదేనన్నమాట! ఆ తప్పు వెనక కాస్త చరిత్ర వుంది. చిత్తగించండి.

మా తాతయ్య ఎడ్లబండి కింద వో వెదురు గొట్టం వేలాడేది. అందులో ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన. ఇరుసుకి అది పట్టించనిదే బండి కట్టేవారు కాదు. తొలినాటి మోటారు కార్ల సంగతీ అంతే. కమాన్ కట్ట చివర గుండ్రటి కన్నులో కంచు బుష్షు, దాన్లో ఉక్కు పిన్ను. గ్రీజు గన్నుతో తరచూ గ్రీజు యెక్కించాలి. మరిచిపోతే అరుగుదల, ఆపైన గలగల.

ఈ చాకిరీ తప్పించింది రబ్బరు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కలిపి వేడి చేస్తే, అది ఎండకి కారకుండా, చలికి బిరుసెక్కకుండా నిలిచింది. 1931లో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారు ఇంజన్ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, అదురు తగ్గిందని చాటుకున్నారు. క్రమంగా కమాన్ కట్టల్లోకీ రబ్బరు బుష్షులు వచ్చాయి.

మా నాన్నగారి అంబాసిడర్‌లో వున్నవి అవే. వోసారి వెనక కిర్రుమంటోందని, తాతయ్య మనవణ్ణి గనక, ఇంజన్ ఆయిలు తెచ్చి వాటి మీద ధారాళంగా పోశాను. రెండు రోజులు నిశ్శబ్దం. కొన్నాళ్లకి రబ్బరు వుబ్బి, మెత్తబడి, పిండిలా రాలింది. నాన్నగారు నన్నేమీ అనలేదు. ఆ నెల ఆయన చెప్పులు కొనుక్కోవడం మాత్రం వాయిదా పడింది. ఆనాటినుంచీ 'రబ్బరుకి నూనె శత్రువు' అని కనిపించినవాడికల్లా చెబుతూ వచ్చాను.

చెప్పాను గాని, అసలు కిటుకు చెప్పలేదు. రబ్బరు బుష్షు లోపల జారదు. అటు కన్నునీ ఇటు గొట్టాన్నీ పట్టుకుని తనలో తాను మెలితిరుగుతుంది. జారనిదానికి కందెన యెందుకు? అంచేతే బండి బరువు చక్రాల మీద వున్నప్పుడే బోల్టు ఆఖరి బిగింపు బిగించాలి. జాకీ మీద వుండగా బిగిస్తే, కిందికి దిగిన క్షణం నుంచీ అది మెలిబడే వుండి త్వరగా చిరుగుతుంది.

పాలీయురెథేన్ స్వభావం వేరు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులూ కనిపెట్టిన పదార్థం. పరుపుల్లో నురుగై మెత్తగా వుండేదీ అదే, బుష్షుల్లో గట్టిగా వుండేదీ అదే. ఈ బుష్షు మెలితిరగదు, గొట్టం మీద జారుతూ తిరుగుతుంది. తిరిగేచోట కందెన వుండాలి. అంటే చుట్టూ తిరిగి తాతయ్య ఇరుసు దగ్గరికే వచ్చామన్నమాట! అయితే ఆముదం, మామూలు గ్రీజు పనికిరావు. నీళ్లకి కొట్టుకుపోని చిక్కటి సిలికోన్ గ్రీజు కావాలంటారు తయారీదార్లు. అదీ యుద్ధకాలపు సరుకే. 1943లో పుట్టిన డౌ కార్నింగ్ కంపెనీ, విమానాల ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించే తీగల్లోకి చెమ్మ చేరకుండా అలాంటిది మొదట తయారుచేసింది.

ఆదివారం ఇద్దరం కూర్చుని బుష్షులు వూడదీశాం. ఇనుప గొట్టాల మీద రాపిడి గీతలు. కన్నుల్లో తుప్పు గీకి తుడిచాం. బుష్షు లోపలా, బయటా, పక్క అంచులకీ గ్రీజు పట్టించి చేత్తో నొక్కితే జారుతూ వెళ్లింది. గొట్టం దూర్చి, బోల్టు బిగించి, వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. సంగీతం బందు.

"ముందే కారణం కూడా చెప్పి వుంటే బావుండేది మావయ్యా" అన్నాడు వాడు చేతులు తుడుచుకుంటూ. నిజమే. ఏం చెయ్యకూడదో చెప్పానే గాని, యెందుకో చెప్పలేదు. నాన్నగారి చెప్పుల ఖరీదుతో నేర్చుకున్న పాఠాన్ని సగమే అందించాను.

మా ఆవిడకి మాత్రం కొత్త చిక్కొచ్చిపడింది. "ఇహమీదట వాడు వస్తున్నాడని తెలిసేదెలా? కాఫీ నీళ్లు ఎప్పుడు పడెయ్యను?" అంటోంది.