గుండ్రపు వీధి, రేకుల షెడ్డు

బెంగళూరులోని వైట్‌ఫీల్డ్‌లో రోడ్లన్నీ అడ్డదిడ్డంగా పెరిగినవే. ఒక్కచోట మాత్రం ఎవరో కొలత పెట్టి గీసినట్టు గుండ్రటి వీధి ఉంటుంది. దాని పేరు ఇన్నర్ సర్కిల్, దాని చుట్టూ ఔటర్ సర్కిల్. అక్కడికి ఐటీ కంపెనీలు రావడానికి వందేళ్ల ముందు గీసిన గీతలివి.

1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడయరు యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ నేల కోసం జరిగిన ప్రయత్నానికి నాయకుడు డేవిడ్ ఇమ్మాన్యుయెల్ స్టార్కెన్‌బర్గ్ వైట్. ఊరికి ఆయన పేరే పెట్టారు. అంతకు ఏడాది ముందే బ్రిటిష్‌వాళ్లు మైసూరు రాజ్యాన్ని ఒడయర్లకు తిరిగి అప్పగించి, బెంగళూరు కంటోన్మెంటును మాత్రం తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. పేట రాజుగారిది, దండు దొరలది. ఒకే ఊళ్లో రెండు ఏలుబడులన్నమాట. దొరల రక్తం పంచుకున్నవాళ్లేమో సేద్యానికి నేల కావాలని దేశీయ రాజు ముందు నిలబడ్డారు!

ఈ అవస్థకు వెనక పెద్ద కథే ఉంది. తల్లి భారతీయురాలైతే కొడుక్కి పెద్ద కొలువులు లేవని ఈస్టిండియా కంపెనీ 1790ల్లోనే తేల్చేసింది. తర్వాతి తరాలకు రైల్వే, తంతి శాఖల చిన్న ఉద్యోగాలే దిక్కయ్యాయి. తెల్లవాళ్ల క్లబ్బుకు ఇటు, మన వీధి అరుగుకు అటు, ఏ గుంపులోనూ పూర్తిగా కలవని జనం. వాళ్ల చేత నాగలి పట్టించి, సొంత నేల మీద నిలబెట్టాలన్నది వైట్ ఆశ. ఇలాంటి కలే 1933లో నేటి జార్ఖండ్‌లో మెక్‌క్లస్కీగంజ్‌గా మళ్లీ మొలిచింది.

వైట్‌ఫీల్డ్‌కు మాత్రం రైతుల ఊరిగా కన్నా రిటైరైనవాళ్ల ఊరిగానే పేరొచ్చింది. పెంకుటిళ్లు, పళ్లతోటలు, 1880ల నాటి మెమోరియల్ చర్చి, వేవర్లీ ఇన్ అనే సత్రం. 1896లో సైనికాధికారిగా బెంగళూరు వచ్చిన కుర్ర చర్చిల్ ఆ సత్రం యజమాని కూతురి కోసం ఇక్కడికి వచ్చేవాడని ఒక కథ ఉంది. రుజువు అడక్కుండా వినాల్సిన కథ అది. 1947 తర్వాత చాలా కుటుంబాలు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ ఓడలెక్కాయి.

తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల కొత్తగా వచ్చినవాళ్లేమీ కాదు. వర్తూరు, మారతహళ్లి వైపు ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ మాట్లాడే రెడ్డి రైతు కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కాడుగోడిలోని బృందావన్ ఆశ్రమం పుట్టపర్తి భక్తులను రప్పించింది. 1990ల్లో సింగపూర్ భాగస్వామ్యంతో ఐటీపీఎల్ అనే టెక్ పార్కు వచ్చాక సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా ఇక్కడికి చేరింది. పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. కాగితం మీద గుండ్రం గీసింది వైట్. బిల్డర్లు కాంపౌండ్ గోడ కట్టి, గేటు దగ్గర రిజిస్టరు పెట్టారు.

ఆ గోడలు కట్టినవాళ్ల ఇళ్లు గోడకు ఇవతలే, సైటు పక్కన రేకుల షెడ్లలో ఉంటాయి. ఈ బతుకు తెలుగు నేలకు బాగా తెలుసు. అడ్వాన్సు తీసుకుని, గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, రోడ్లు వేసిన పాలమూరు లేబర్‌కు ఎక్కడికెళ్లినా అలాంటి గుడిసే ఇల్లు.

అలాంటి గూటినే గ్యాలరీలోకి తెచ్చిన కళాకారిణి షీలా గౌడ. 1957లో భద్రావతిలో పుట్టి, బెంగళూరులో స్థిరపడ్డారు. బరోడా, శాంతినికేతన్‌లలో, తర్వాత లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివిన చిత్రకారిణి. 1990ల మొదట్లో దేశంలో మతఘర్షణలు చెలరేగిన రోజుల్లో ఆమె రంగులు పక్కనపెట్టి ఆవుపేడతో పనిచేయడం మొదలుపెట్టారు. 2006లో చేసిన ‘డార్క్‌రూమ్’కు సరుకు తారు డ్రమ్ములు. రోడ్డు కూలీలు ఖాళీ డ్రమ్ములను సాగగొట్టి ఆ రేకులతోనే తలదాచుకుంటారు. గౌడ వాటిని కొన్నిచోట్ల నిలువునా పేర్చి కోట స్తంభాల్లా, కొన్నిచోట్ల సాగగొట్టి గోడల్లా నిలిపారు. లోపలికి వెళ్లాలంటే వంగాల్సిందే. వెళ్లి తలెత్తితే, పైరేకుకు పొడిచిన సన్నటి బెజ్జాల్లోంచి వెలుతురు చుక్కలై కనిపిస్తుంది.

వైట్‌ఫీల్డ్ కోసం చేసిన పని కాదది. అయినా ఈ ఊరి చరిత్రలో రాజుగారి దానపత్రం నుంచి బిల్డరు బ్రోషరు వరకూ దేనిలోనూ చోటు దొరకని ఇల్లు అందులో ఉంది. అపార్ట్‌మెంట్‌లో గృహప్రవేశాలు మొదలయ్యేసరికి పక్కనున్న షెడ్లు విప్పేస్తారు. రేకులు లారీకెక్కి హొసకోట వైపో సర్జాపుర వైపో, తర్వాతి సైటుకు వెళ్లిపోతాయి.