గాలీచా మీద పేరు ఉండదు

మా దాదా 2006లో ఇంతెకాల్ అయ్యారు. చివరి నాలుగు రోజులూ ఏలూరులో ఒక ఆస్పత్రి మంచం మీద కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఉన్నారు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి. తస్బీ చదువుకుంటున్నారేమోనని అబ్బా ఆయన చేతిలో తస్బీ పెట్టారు. అది జారి కింద పడింది. నేను నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను.

"దో లాల్... ఏక్ సఫేద్... తీన్ హరా... ఏక్ లాల్..."

దాదా గాలీచా నేస్తున్నారు. మగ్గం దిగి చాలా ఏళ్లయింది. వేళ్లు మాత్రం ఇంకా దిగలేదు.

ఆ మాటలు నా చెవిలో ఉండిపోయాయి. కొన్నేళ్ల తర్వాత పత్రిక పని మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అవే మాటలు మళ్లీ ఎదురయ్యాయి. స్ట్రేన్షమ్ మాస్టర్ అని, మద్రాసు కోటకి గవర్నరుగా చేసిన ఇంగ్లీషు కంపెనీ అధికారి. 1679లో మచిలీపట్నం వైపు పర్యటనకి వచ్చాడు. ఆయన డైరీలు 1911లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో ఏలూరు ఉంది. ఇక్కడ ఈరాన్ తరహాలో మంచి తివాచీలు నేస్తున్నారని, నేసేవాళ్లు ఈరానీ సంతతి వాళ్లని, తాము వచ్చి నూరేళ్లు దాటిందని వాళ్లే చెప్పారని రాసుకున్నాడు. అప్పటికి గోల్కొండలో తానాషా పాదుషా. నూరేళ్లు వెనక్కి లెక్కేస్తే ఇబ్రహీం కుతుబ్‌షా జమానా. ఈరాన్ ఓడలు బందరు రేవుకి వచ్చిపోయే రోజులవి. ఆ బందరుకి ఏలూరు ఎంత దూరం గనక?

నన్ను ఆపేసింది అది కాదు. మాస్టర్ మగ్గం దగ్గర నిలబడి పని చూశాడు. నూలు పడుగు నిలువుగా కట్టి ఉంది. దాని ముందు 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు కూర్చుని రంగురంగుల ఊలు దారాలు ముడేస్తున్నారు. గాలీచా వెనకాల ఒక మనిషి కాగితం మీద గీసిన నఖ్షా పట్టుకుని నిలబడి, ఏ రంగు ఎంత వెయ్యాలో పిల్లలకి చెబుతున్నాడు. వరస అయ్యాక కత్తెరతో సమంగా కత్తిరించి తర్వాతి వరసకి వెళుతున్నారు.

ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఆ పిల్లల్లో ఒకడు మా దాదా. కాకపోతే మధ్యలో రెండున్నర శతాబ్దాల ఎడం ఉంది.

ఈ రెండున్నర శతాబ్దాల్లో ఏలూరు మీద ఎన్ని జెండాలు మారాయో చూడండి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తర్వాత ఆసఫ్‌జాహీలు వచ్చారు. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. 1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. మన స్కూలు తారీఖు పుస్తకాల్లో ఈ పేర్లన్నీ ఉన్నాయి. నేను ఉర్దూ మీడియంలో చదివినప్పుడూ ఇవే బట్టీ పట్టాను, తెలుగులో డిగ్రీ చేసినప్పుడూ ఇవే రాశాను. ఇన్ని జెండాల కిందా మగ్గం ముందు పిల్లలు మాత్రం అలాగే కూర్చుని ఉన్నారు. డైరీ రాసిన దొర వాళ్ల వయసు రాశాడు, వేళ్ల పని రాశాడు. ఒక్కడి పేరూ రాయలేదు.

దాదా సుమారు 1928లో పుట్టారు. సుమారు అంటున్నాను, ఎందుకంటే ఆయన పుట్టిన తారీఖు ఏ కాగితం మీదా లేదు. ఎనిమిదో ఏట మగ్గం ఎక్కారు. అప్పటికే ఈ హునర్ వెలుగు తగ్గింది. జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషు రచయిత 1880లోనే, మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు హిందుస్తాన్‌లో మేలైనవని, ఇంగ్లీషు గిరాకీ కోసం నేసి నేసి చెడిపోయాయని బాధపడ్డాడు. అంగళ్లలోకి కృత్రిమ రంగులు వచ్చాయి. జైళ్లలో ఖైదీల చేత చవగ్గా నేయించడం మొదలైంది. చేతి కారీగర్‌కి మిగిలింది ముడికింతని లెక్క కట్టిన కూలి.

1938లో పిల్లల పని మీద చట్టం వచ్చింది. 12 ఏళ్లు నిండని పిల్లల్ని పెట్టకూడని పనుల జాబితాలో తివాచీ నేత కూడా ఉంది. అప్పుడు దాదాకి పదేళ్లు. అయినా ఆయన మగ్గం దిగలేదు. ఎందుకంటే ఆ చట్టంలోనే ఒక దారి వదిలారు. బయటి కూలీల్ని పెట్టకుండా కుటుంబం వాళ్లే చేసుకునే చోట అది వర్తించదు. మా ముత్తాత ఇంట్లోనే మగ్గం. కొడుకు కూలీ కాదు కదా!

దాదా చెప్పేవారు: "చిన్నపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి బేటా, ముడి దగ్గరగా పడుతుంది అనేవాళ్లు. ఆ వేళ్లకి నెత్తురొస్తుందని ఎవరూ అనలేదు."

యుద్ధం రోజుల్లో పని పడిపోయింది. ఎగుమతి లేదు, ఊలు కొనే దిక్కు లేదు. అప్పుడు తాడేపల్లిగూడెంలో తెల్లదొరలు విమానాల రన్‌వే వేస్తున్నారని తెలిసి, దాదా మీసాలు రాని వయసులో ఊరి కుర్రాళ్లతో కలిసి రైలెక్కారు. అక్కడ కంకర మోశారు. సాయంత్రానికి కూలి డబ్బులు చేతిలో పడేవి. జిందగీలో మొదటిసారి తన కమాయి తను లెక్కపెట్టుకున్నది గూడెంలోనేనని చెప్పేవారు. "మగ్గం ముందు రోజంతా నఖ్షా చెప్పినట్టు వినాలి. అక్కడ తట్ట ఎత్తామా, దించామా, అంతే" అని నవ్వేవారు. యుద్ధం అయ్యాక మళ్లీ మగ్గానికే వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే, "కంకర మోస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, ఏమీ మిగలదు. గాలీచా నేస్తే చెయ్యీ నొప్పే, కానీ ఒకటి మిగులుతుంది" అన్నారు.

దాదీది కొల్లేటి లంక. బుడమేరూ తమ్మిలేరూ వచ్చి కలిసే ఆ సరస్సు నీళ్లు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. దాదీ మాత్రం ఎదురు దారిన వచ్చింది, నిఖా అయిన మర్నాడు పడవలో ఏలూరు వైపు. తుంగ చాపలు అల్లే ఇంటి పిల్ల. ఊలు వడకడం ఇక్కడికి వచ్చాక నేర్చుకుంది. ఆ నూగు గొంతులో పడి దగ్గు పట్టుకుంది, అది చివరిదాకా వదల్లేదు. కొర్రమీను పులుసు దాదీలా ఎవరూ వండలేరని దాదా పెళ్లిళ్లలో కూడా అంటుంటే ఆవిడ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకునేది.

అబ్బాకి ఎనిమిదేళ్లు నిండాయి. 1960 ప్రాంతం. పని ఇచ్చే షావుకారు మనిషి వచ్చి, "పిల్లాణ్ణి కూర్చోబెట్టండి, కొత్త ఆర్డరుంది" అన్నాడు. దాదా ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. రాత్రి దాదీ అందట: "మీ వేళ్లు చూస్తూ ఇన్నేళ్లు బతికాను. వాడి వేళ్లు కూడా అలా చూడలేను." తెల్లారి ఫజర్ చదివాక దాదా అబ్బాని చెయ్యి పట్టుకుని ఉర్దూ స్కూలుకి తీసుకెళ్లారు. పిల్లాణ్ణి పంపనందుకు రెండు నెలలు పని ఇవ్వలేదు. దాదీ వెండి పాజేబులు అమ్మి ఇల్లు గడిపింది. మళ్లీ చేయించుకోలేదు. తర్వాత దాదా చేతిలో డబ్బు ఆడినప్పుడు కొంటానంటే, "నడిచేటప్పుడు చప్పుడు లేకపోవడం అలవాటైపోయింది" అందట.

మనం బుజుర్గుల గురించి రాసేటప్పుడు త్యాగాలు రాసి ఊరుకుంటాం. దాని ఖరీదు కూడా రాయాలి. అబ్బా చదువుకుని పోస్టాఫీసులో గుమాస్తా అయ్యారు. నేను జర్నలిస్టునయ్యాను. మా ఇంట్లో ఇవాళ ఒక్కరికీ ముడి వెయ్యడం రాదు. తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన హునర్ మా ఇంట్లో ఆగిపోయింది. ఆపింది కాలం మాత్రమే కాదు, మా దాదా కూడా. 1986లో తివాచీ పనిని మళ్లీ 14 ఏళ్లలోపు పిల్లలకి నిషేధిస్తూ ఇంకో చట్టం వచ్చింది. దాదా పాతికేళ్ల ముందే తన ఇంట్లో ఆ చట్టం చేసుకున్నారు, కుటుంబానికి మినహాయింపు లేకుండా. అది సరైన పనే. కానీ సరైన పని చేసినవాడికి దుఃఖం ఉండదని ఎవరన్నారు? మగ్గం విప్పి దూలాలు కట్టెలకింద ఇచ్చేసిన రోజు ఆయన అన్నం తినలేదని అబ్బా చెప్పారు.

ఆయన నేసిన గాలీచాలు ఎన్నో దేశాలు వెళ్లాయి. మేం మాత్రం కొల్లేటి తుంగ చాపల మీదే పెరిగాం. ఇంట్లో మిగిలింది ఒక్కటే, చిన్నది, దాదీ మంచం పక్కన వేసేది. మిగిలిపోయిన ఊలు ముక్కలతో నేశారు. దానికి నఖ్షా లేదు. వెనక నిలబడి రంగులు చెప్పినవాళ్లు లేరు. అంచు చుట్టూ లేత పచ్చ, ముదురు పచ్చ నిలువు గీతలు, మధ్యలో నీలం. పువ్వూ కాదు, తీగా కాదు. ఇదేం నమూనా అని చిన్నప్పుడు అడిగాను. "మీ దాదీ పుట్టిల్లు" అన్నారు. తుంగ, నీళ్లు.

"మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అనే ప్రశ్న మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. కుర్రతనంలో నేను గొప్పగా "మేం ఈరాన్ నుంచి" అనేవాణ్ణి. దాదా ఒకసారి విని పిలిచారు. "ఊలు ఇక్కడి గొర్రెలది. కడిగింది తమ్మిలేరులో. నీ దాదీ కొల్లేటిది. ముడి ఒక్కటి ఈరాన్‌ది. ముడి పట్టుకుని గాలీచా మొత్తం ఈరాన్‌ది అంటావా?" అన్నారు. ఆ సవాల్‌కి ఇంతకంటే మంచి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆయన పోయిన ఏడాదే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో యంత్రాలు దిగాయి. దాదీ తరఫు వాళ్లు వచ్చి కూర్చుని ఏడ్చారు. దాదా అంతా విని, "నీళ్లకి దాని జాగా కావాలి, మనిషికి వాడి రోజీ కావాలి. రెండూ నిజమే" అన్నారు. ఆయన నుంచి నేను పూర్తిగా విన్న ఆఖరి మాట అది. తర్వాత రంగుల లెక్కే.

మా ఫుప్పీని ఇచ్చింది తాడేపల్లిగూడెంలోనే. ఆవిడ మనవడు మొన్న అక్కడి నిట్‌లో ఇంజినీరింగ్ చదివాడు. సీటొచ్చిన రోజు ఫోన్ చేస్తే, మీ ముత్తాత ఈ ఊళ్లో రన్‌వేకి కంకర మోశాడురా అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పేరేంటి మామూ?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను కొట్టినట్టయింది. మూడు తరాలకే పేరు పోయింది! ఆ రాత్రే ఒక నోట్‌బుక్ కొన్నాను. మొదటి పేజీలో ఉర్దూలో దాదా పేరు, కింద దాదీ పేరు, ఎదురుగా తెలుగులో మళ్లీ అవే. వాళ్ల అమ్మానాన్నల పేర్లు అబ్బాని అడిగి రాశాను. దాదీ వైపు ఒక గడి ఖాళీగా ఉంది, కొల్లేటి లంకల్లో ఇంకా వెతుకుతున్నాను.

ఇక్కడ దాదా పేరు ఎందుకు రాయలేదని మీరు అడగొచ్చు. మగ్గం ముందు కూర్చున్న ఏ పిల్లాడి పేరు పెట్టినా ఈ కథ సరిపోతుంది. మీ ఇంటి పేరు మీరు పెట్టుకోండి. మీ ఇంట్లో ముసలివాళ్లుంటే ఇవాళ ఇషా అయ్యాక పక్కన కూర్చుని అడగండి: మీ అబ్బా పేరేంటి, అమ్మీ పేరేంటి, ఏం పని చేసేవారు, ఏ నీళ్లు తాగారు. రాసి పెట్టుకోండి.

అల్లా మర్హూములందరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.