మూడక్షరాల నెల్లూరు

రైల్వే కాగితాల్లో నెల్లూరుకు మూడే అక్షరాలు: ఎన్ఎల్ఆర్. పక్కనే ఉన్న నెల్లూరు సౌత్ ఎన్ఎల్ఎస్, గూడూరు జీడీఆర్. ఇంతవరకూ సులువే. కావలి కేవీజెడ్, కొడవలూరు కేజేజే, అల్లూరు రోడ్డు ఏఎక్స్ఆర్ అనగానే కొత్తవాళ్లు తికమకపడతారు. దేశం మొత్తంలో ఒక కోడ్ ఒక్క స్టేషనుకే ఉండాలి. రాయపూర్‌కు ఆర్ అనే ఒక్క అక్షరమే దక్కితే, బిట్రగుంటకు నాలుగు కావలసి వచ్చాయి: బీటీటీఆర్.

ఈ పొదుపు తంతి నేర్పింది. బెజవాడ, మద్రాసు మధ్య రైలు దారి 1899లో కలిసింది. ఆ రోజుల్లో స్టేషన్ల మధ్య కబురంతా మోర్స్ మీటల మీదే నడిచేది. ఎన్‌కు గీత, చుక్క. ఎల్‌కు చుక్క, గీత, రెండు చుక్కలు. ఆర్‌కు చుక్క, గీత, చుక్క. తొమ్మిది దెబ్బలతో ఊరి పేరు అవతలివాడికి చేరిపోయేది.

స్టేషను కొసల్లో సిగ్నళ్లను, పాయింట్లను నడిపే కేబిన్ల పేర్లూ ఇంతే పొట్టివి. మన రైల్వేల్లో చాలాచోట్ల దిక్కును బట్టి నార్త్, సౌత్ అనేవారు, లేదంటే ఏ, బీ అనేవారు. స్టేషను మాస్టరు ఫోనెత్తి ‘సౌత్’ అంటే చాలు, ఎవరిని పిలిచాడో తెలిసిపోయేది. కేబిన్ పై అంతస్తులో లివర్లు బారుగా నిలబడి ఉండేవి. సిగ్నళ్లవి ఎరుపు, పాయింట్లవి నలుపు, తాళాలవి నీలం. ఒక్కోదానికీ ఒక నంబరు. చేతి చెమటకు ఇనుము తుప్పు పడుతుందని కేబిన్‌మ్యాన్ గుడ్డ చుట్టి మరీ లాగేవాడు. ఆ గుడ్డను తలచుకుంటే ఆ పనివాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ప్యానెళ్లు, కంప్యూటర్లు వచ్చాక చాలాచోట్ల కేబిన్ల అవసరం తీరిపోయింది. స్టేషన్ కోడ్‌లు మాత్రం దాదాపుగా చెక్కుచెదరలేదు. బెజవాడ విజయవాడైనా కోడ్ బీజెడ్ఏనే. కాకినాడ టౌన్ సీసీటీలో తెల్లవాళ్లు రాసిన ‘కొకనాడ’ ఇంకా బతికే ఉంది. రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారినా ఆర్‌జేవై కదల్లేదు. అలాగని వీటికి ఢోకా లేదనుకోవద్దు: బాంబే సెంట్రల్ బీసీటీ 2018లో ఎంఎంసీటీ అయింది.

ఎప్పుడైనా ఒకటి మారినా, కోడ్‌లు కంప్యూటర్లో ఉన్నాయి కనుక నిలుస్తాయి. కేబిన్ల పేర్లకు ఆ ఆసరా లేదు. గోడ కూలిస్తే గోడ మీది పేరూ పోతుంది. ప్రతి స్టేషనుకూ వర్కింగ్ రూల్స్ పుస్తకం ఒకటుంటుంది. ఏ కేబిన్ ఎక్కడుందో, ఏ లివరు దేనిదో పాత ప్రతుల్లో రాసి ఉంటుంది. గూడూరు నుంచి కావలి దాకా ఆ ప్రతులను తూకానికి వేయకముందే సేకరించి భద్రపరచాలి.