కమాను పట్టీలు విప్పే పని

తెలంగాణలోని ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం. ఇరుగుపొరుగున గద్వాల, వనపర్తి సంస్థానాలు. ఎడ్లబండ్లు నడిచిన ఈ నేల మీదికి మోటారు వచ్చాక దాని భారమంతా మోసింది కమాను పట్టీలే, అంటే లీఫ్ స్ప్రింగులే. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలపు బస్సులకు ఆధారం ఈ ఉక్కు పట్టీల కట్టలే. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ గుర్రపు బండ్ల కోసం 1804లో పేటెంటు పొందిన పద్ధతి అది.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారుకు కూడా వెనక ఇరుసును పట్టి ఉంచేవి అవే. గతుకుల దారికి అంతకన్నా తగిన ఏర్పాటు లేదు. ఒక పట్టీ విరిగితే అదొక్కటే మారిస్తే సరిపోతుంది.

ఆ కట్టను విప్పడం మాత్రం తొందరపడే పని కాదు. ముందురోజే నట్ల మీద కిరోసిన్ పోసి ఉంచుతారు. కారును జాకీతో లేపి, బాడీ కింద గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలు తీస్తారు. ఇరుసుకు విడిగా ఇంకో జాకీ ఆనిస్తారు. లేకుంటే దాని బరువంతా బ్రేకు గొట్టం మీద పడుతుంది. షాక్ అబ్జార్బరు విప్పాక యూ బోల్టుల నట్లు, ఆపైన వెనక షాకిల్, చివరికి ముందు పిన్ను. తుప్పు పట్టిన షాకిల్ పిన్ను దగ్గరే మెకానిక్ ఓర్పు తేలుతుంది. కట్ట బయటికొచ్చాక సెంటర్ బోల్టు విప్పేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. పట్టీలన్నీ బిగువులో ఉంటాయి. క్లాంపుతో పట్టి ఉంచకపోతే ఎగిరి కొడతాయి.

విరిగిన పట్టీ వృథా పోదు. కమ్మరి కొలిమిలో అది కొడవలి అవుతుంది, గొడ్డలి అవుతుంది. స్ప్రింగు ఉక్కులో కర్బనం ఎక్కువ కాబట్టి పదును నిలుస్తుంది. ఉక్కు తయారీకి నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం పేరుమోసిన తెలంగాణలో పాత ఇనుము విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. అయినా కమాను పట్టీల పని ఎక్కువగా షెడ్లలోనే, గురువు పక్కన స్పానర్ అందిస్తూ నేర్చుకున్నది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. కొత్త కార్లలో చాలావాటికి కాయిల్ స్ప్రింగులే. ఈ పని తెలిసిన చేతులు తగ్గుతున్నాయి.

మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉంటే, విప్పిన పట్టీలను వెంటనే పాత సామాన్లకు వేయకండి. పొడవు, మందం, వంపు కొలిచి రాసుకోండి. కొత్త కట్ట చేయించేటప్పుడు ఆ కొలతలే ఆధారం.